డిసెంబరు కానుక, జూన్ అవసరం

(గోదావరి జిల్లాల క్రైస్తవ సంఘాల కోశాధికారులు, స్త్రీల మైత్రి అనే సంఘ మహిళా కూటముల కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు ప్రభువు పేరిట వందనాలు.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం ఇక్కడ కూర్చున్న వాళ్ళకు చదివి వినిపించనక్కర్లేదు. దిక్కులేని పిల్లలను వారి ఇబ్బందిలో పరామర్శించమన్న మాట మన సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అందుకే ఇవ్వాలా వద్దా అని ఈ పూట మాట్లాడను. మన సంఘాలు ఇస్తూనే ఉన్నాయి. ఎప్పుడు ఇస్తున్నాం, ఎవరి చేతికి ఇస్తున్నాం, ఇచ్చింది బిడ్డ కంచం దాకా వెళ్తోందా అన్నదే మాట్లాడదాం.

డిసెంబరు చూడండి. ఇరవయ్యో తారీఖు నుంచి నలభై మంది పిల్లలున్న హోముకు, అంటే అనాథ పిల్లల వసతి గృహానికి, రోజుకు మూడు నాలుగు సంఘాలు వస్తాయి. కేకులు, దుప్పట్లు, బిర్యానీ పొట్లాలు. పిల్లలు పొద్దున ఒక సంఘం ముందు పాట పాడి, మధ్యాహ్నం ఇంకో సంఘం ముందు అదే పాట పాడతారు. అదే హోముకు జూన్‌లో వెళ్ళండి. బడులు తెరుస్తారు. నోటు పుస్తకాలు, సంచులు, చెప్పులు, యూనిఫాం కుట్టు కూలీ, వానాకాలం జ్వరాలకు మందులు, అన్నీ ఒక్క నెలలో మీద పడతాయి. ఆ నెల గుమ్మం తొక్కే సంఘం ఉండదు. కిరాణా కొట్లో అప్పు పెట్టి వార్డెన్ గారు నెట్టుకొస్తారు. ఆ అప్పు తీరేది మళ్ళీ డిసెంబరులోనే. మనం పండక్కి ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఆరు నెలల కిందటి కిరాణా బాకీకి వెళ్తోందంటే, మన కానుక ఆలస్యంగా చేరిందనే అర్థం.

కాబట్టి నెల నెలా ఇవ్వడం నేర్చుకోవాలి. దానికి ముందు హోముకు నెలకు ఏం ఖర్చవుతుందో తెలియాలి. బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాల్లో ఒక్కో బిడ్డకు రోజుకు ఎంత తిండి పెట్టాలో రాసి ఉంది. బియ్యం, గోధుమ, రాగి, జొన్న కలిపి 600 గ్రాములు, పదహారేళ్ళు దాటితే 700. పప్పులు 120 గ్రాములు. నూనె 25 గ్రాములు. ఆకుకూరలు 100, మిగతా కూరగాయలు 130 గ్రాములు. పొద్దున పాలు 150 మిల్లీలీటర్లు. నలభై మందికి 600 చొప్పున వేసుకుంటే రోజుకు 24 కిలోల ధాన్యాలు, నెలకు 720 కిలోలు. పప్పు నెలకు 144 కిలోలు. నూనె 30 కిలోలు. కూరగాయలు రోజుకు తొమ్మిది కిలోల పైమాటే. పాలు రోజుకు ఆరు లీటర్లు, నెలకు 180. ఈ అంకెలను మీ ఊరి కొట్టు ధరలతో గుణించుకుంటే హోము చెప్పే ఖర్చు నిజమో కాదో మీకే తెలుస్తుంది. పప్పు నెలకు నలభై కిలోలే కొంటున్నారని బిల్లుల్లో కనిపిస్తే పిల్లలకు నీళ్ళ చారు పోస్తున్నట్టు లెక్క. చాలా హోముల్లో కోత పడేది ముందుగా పప్పు మీద, పాల మీద. బియ్యం ఎవరో ఒకరు ఇస్తారు. పాలు ఎవరూ ఇవ్వరు, మూటగట్టి ఫొటో తీయించుకునే వస్తువు కాదు గనక.

ఇప్పుడు మీ సంఘం సంగతి. నూట అరవై కుటుంబాలున్నాయి అనుకుందాం. కుటుంబానికి నెలకు వంద రూపాయలని అందరూ చేతులెత్తి ఒప్పుకున్నారు. కాగితం మీద 16,000. అందులో నాలుగో వంతు రాదని మొదటే అనుకోండి. జబ్బులు ఉంటాయి, వలసలు ఉంటాయి, మరుపు ఉంటుంది. అందుకని హోముకు 12,000కే మాటివ్వండి. పాలు లీటరు 60 రూపాయల చొప్పున 180 లీటర్లకు 10,800 అవుతుంది. మిగిలిన 1,200 రాగిపిండికీ బెల్లానికీ సరిపోతుంది. అంటే ఒక మోస్తరు సంఘం ఒక హోము పాల ఖర్చు మొత్తం మోయగలదు. పక్క సంఘం పప్పు తీసుకోవచ్చు, ఇంకోటి మందులు. ఇలా వస్తువు చూసుకుని పంచుకుంటే లెక్క అడగడమూ తేలికే. పాలవాడి నెల చీటీ చూస్తే చాలు.

ఇంకో మాట. తీర్మానం చేసిన నెల నుంచే పంపడం మొదలుపెట్టకండి. మొదటి మూడు నెలలు పోగు చేయండి. ఆ 36,000 బ్యాంకులో నిలవ ఉంచి నాలుగో నెల నుంచి పంపండి. తుపాను వచ్చి రెండు ఆదివారాలు ఆరాధన జరక్కపోయినా, సంఘ కాపరి (పాస్టరు) బదిలీ అయి కొత్త అయ్యగారు వచ్చేలోపు కానుకలు పడిపోయినా, పాలు ఆగవు. ఆపేయాల్సి వస్తే మూడు నెలల ముందు హోముకు ఉత్తరం రాసి ఆపండి. చెప్పకుండా ఆగిపోయే సాయం మీద హోము వాళ్ళు మనుషుల్ని పెట్టుకోలేరు, పిల్లల్ని చేర్చుకోలేరు.

అందరి ఆదాయమూ ఒకలా ఉండదు. ఉద్యోగస్తుడు నెలకోసారి ఇస్తాడు. కూలి పనికి వెళ్ళే అమ్మకు వారానికి పాతిక రూపాయలు నయం. రైతుకు చేతిలో డబ్బాడేది సార్వా కోతల్లో, దాళ్వా కోతల్లో. ఆయన్ని నెల చందా అడిగి బాకీదారుల పట్టీలో పేరు ఎక్కించడం అన్యాయం. ఏడాదికి రెండుసార్లు రాయించుకోండి. పంట కానుకలు గుడికి తెచ్చే కోత పండుగ ఎలాగూ మనకు ఉంది.

కోత పండుగలో వచ్చే ధాన్యం గురించి కాస్త వివరంగా చెప్పాలి, తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తా మిల్లాడిస్తే నలభై ఎనిమిది నుంచి యాభై కిలోల బియ్యం చేతికొస్తాయి. నలభై మంది హోముకు నెలకు దాదాపు పదిహేను బస్తాల ధాన్యం కావాలి. అంత ధాన్యం ఒకేసారి వచ్చి పడితే వాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు? తేమ ఆరని బస్తాలు నేలమీద గోడకానించి వేస్తే నెల తిరక్కుండా ముక్కవాసన, ముక్కపురుగు. ఆ పైన కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, పిల్లలకు కడుపు ఉబ్బరం. కాబట్టి ఆరబెట్టిన ధాన్యమే తీసుకోండి. సంఘంలోనే ఒక రైతు గిడ్డంగిలో చెక్క బల్లల మీద పెట్టించి, ఆరు నెలలు మాగాక నెలకు సరిపడా మిల్లాడించి పంపండి. అలా వీలు లేకపోతే పండుగ రోజే వేలం వేసి డబ్బు పంపడం మేలు.

పిడికెడు బియ్యం సంగతీ అంతే. మిజోరం సంఘాలు 1910 నుంచి బుహ్ఫై థమ్ అని ఈ పద్ధతి నడుపుతున్నాయి. పూట వంట ముందు ఇల్లాలు పిడికెడు తీసి పక్కన పెడుతుంది, సంఘం దాన్ని పోగు చేసి అమ్ముతుంది, డబ్బు సేవకు వెళ్తుంది. అమ్ముతుంది అన్నది గమనించండి. మనవాళ్ళు కొన్నిచోట్ల ఆ బియ్యాన్నే నేరుగా హోముకు దింపుతున్నారు. నలభై ఇళ్ళ బియ్యమంటే నలభై రకాలు. సన్నవి ఉడికి మెత్తబడేసరికి లావువి పలుకుగా ఉంటాయి. పిండికీ ఇడ్లీ రవ్వకూ తప్ప పనికిరావు. రెండు రకాల డబ్బాలు పెట్టి, ఉప్పుడు బియ్యం ఒకటి, పచ్చి బియ్యం ఒకటి వేరు చేసినా సగం ఇబ్బంది తగ్గుతుంది.

వండిన అన్నం పంపడం గురించి స్త్రీల మైత్రి వాళ్ళు దయచేసి వినండి. పుట్టినరోజుకని పొద్దున ఎనిమిదింటికి వండించిన బిర్యానీ ఒంటిగంటకు హోముకు చేరుతుంది. అయిదు గంటలు మూతపెట్టిన గిన్నెలో గోరువెచ్చగా ఉన్న అన్నంలో పెరిగే సూక్ష్మజీవులు మళ్ళీ వేడి చేసినా వదలని విషం తయారుచేస్తాయి. వండిన తిండి రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. పెళ్ళి భోజనాల్లో మిగిలింది రాత్రి పదకొండింటికి ఆటోలో పంపడం అసలు చేయొద్దు. మన ఇంటి పిల్లలకు ఆ టైములో అది పెట్టం. పుట్టినరోజు భోజనం పెట్టాలనుంటే రెండు రోజుల ముందు సరుకులు పంపండి, లేదా డబ్బు కట్టండి. అక్కడి వంటమ్మ అక్కడే వండుతుంది.

బట్టల విషయంలో పాతవి మూటగట్టి పంపేముందు హోముకు ఫోన్ చేసి కొలతలు అడగండి. గౌన్లు, చొక్కాలు కుప్పలుగా వస్తాయి. లోదుస్తులు, బడి సాక్సులు, పదో నంబరు చెప్పులు రావు. ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఎవరూ తలవరు. ఒక్కో అమ్మాయికి నెలకు ఎనిమిదేసి ఉండే ప్యాకెట్లు రెండు కావాలి. పదిహేను మంది పెద్ద పిల్లలుంటే నెలకు ముప్పై ప్యాకెట్లు. స్త్రీల మైత్రి ఈ ఒక్క బాధ్యత తీసుకుని ఏడాది పొడుగునా నడిపితే అంతకంటే మేలైన సేవ నాకు తోచడం లేదు.

ఇక కోశాధికారుల పని. అనాథ పిల్లల కానుక వచ్చిన ఆదివారమే, గుడి తాళం వేయకముందే, బంధుత్వం లేని ఇద్దరు కూర్చుని లెక్కపెట్టాలి. నోట్ల విభజన చీటీ రాయాలి, ఐదు వందలవి ఎన్ని, వందలవి ఎన్ని, చిల్లర ఎంత అని. ఇద్దరూ సంతకం చేయాలి. మర్నాడు బ్యాంకులో కట్టాలి, కట్టిన రసీదు చీటీకి గుచ్చాలి. దస్తరంలో ఈ నిధికి వేరే కాలమ్ ఉండాలి. వీలైతే వేరే ఖాతా. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు దొంగతనం కాదు, చేబదులు. గుడి స్లాబు వేస్తున్నారు, సిమెంటుకు తక్కువపడింది, పిల్లల నిధిలో 40,000 ఉంది, వచ్చే నెల వేసేద్దాం అంటారు. వచ్చే నెల మైకు సెట్టు పాడవుతుంది. బిడ్డల కోసమని ఒక విధవరాలు ఇచ్చిన వంద రూపాయలను స్లాబుకు వాడే హక్కు కమిటీకి లేదు. తీర్మానంలోనే ఈ వాక్యం రాయించండి: ఈ నిధి నుంచి ఏ కారణం చేతనైనా, తాత్కాలికంగానైనా, వేరే పద్దుకు మళ్ళించరాదు.

కొందరు పెద్దలు మత్తయి ఆరో అధ్యాయం చూపిస్తారు, కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదు గదా, రసీదులెందుకు అని. ఆ మాట ఇచ్చేవాడికి చెప్పింది, తీసుకుని ఖర్చుపెట్టేవాడికి కాదు. యెరూషలేములోని పేదల కోసం చందా మోసుకెళ్ళేటప్పుడు పౌలు తీతుతో పాటు ఇంకా సహోదరులను పంపాడు. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయం 20, 21 వచనాల్లో కారణం కూడా చెప్పాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా, దేవుని ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలని.

ఈ రెండు వాక్యాలనూ కలిపి నడిపించిన మనిషి ఇంగ్లండులో బ్రిస్టల్ నగరానికి చెందిన జార్జ్ ముల్లర్. 1836లో అద్దె ఇంట్లో అనాథాశ్రమం మొదలుపెట్టి, ఆష్లీ డౌన్‌లో అయిదు పెద్ద భవనాలు కట్టి, 2,050 మంది పిల్లలకు చోటు కల్పించాడు. ఎవరినీ చేయి చాచి అడగలేదని మన ప్రసంగాల్లో తరచూ చెబుతాం. ఆయన ఏటా నివేదిక అచ్చు వేయించేవాడనీ, అందులో దాతల పేర్లు లేకుండా అందిన మొత్తాలు ఒక్కొక్కటీ వేయించేవాడనీ చెప్పడం మరిచిపోతాం. ఇచ్చినవాడు తన కానుక చేరిందని చూసుకోగలడు, పక్కవాడికి మాత్రం తెలియదు. ముల్లర్ బావమరిది, మిషనరీ ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ పిలుపు మీద అదే 1836లో మన తీరానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలే నరసాపురం, పాలకొల్లు వైపు గోదావరి డెల్టా మిషన్‌ను నిలబెట్టాయి. ఆ పద్ధతి మనకు పరాయిది కాదు. మీ సంఘంలోనూ కవర్ల మీద నంబర్లు వేయండి. ఏ నంబరు ఎవరిదో కోశాధికారి పుస్తకంలో ఉంటుంది. గోడ మీద పెట్టే పట్టీలో నంబరూ మొత్తమూ మాత్రమే ఉంటాయి.

ఏ హోముకు ఇవ్వాలి? ముందు నమోదు పత్రం చూడండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా నమోదు కావాలి. ప్రభుత్వ గ్రాంటు తీసుకోకపోయినా కావాలి, మిషన్ వాళ్ళదైనా కావాలి. పత్రం అయిదేళ్ళు చెల్లుతుంది, తేదీ చూసుకోండి. నమోదు లేకుండా నడిపితే 42వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పిల్లలు బాలల సంక్షేమ సమితి (ఏ బిడ్డను ఎక్కడ ఉంచాలో చట్టం కింద తేల్చే సమితి) ఉత్తర్వు మీద వచ్చారా అని అడగండి. ఉత్తర్వులు చదవనక్కర్లేదు, అవి గోప్యం. ఉన్నాయా లేవా అన్నది చాలు. దిక్కులేని బిడ్డ కనబడితే మన కాపరులు దయతో నేరుగా తీసుకెళ్ళి హోములో దింపేస్తారు. అది చట్టం ఒప్పుకోదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బిడ్డను సమితి ముందు హాజరుపరచాలి. సమితి ఉత్తర్వు లేని బిడ్డకు రేపు మేనమామ దొరికినా, దత్తత కుదిరినా, ఎటూ కదల్లేదు.

డబ్బు సొసైటీ లేదా ట్రస్టు పేరున ఉన్న ఖాతాకే పంపండి. నడిపేవారి సొంత ఫోన్ నంబరుకు యూపీఐ చేయకండి, ఎంత దైవజనుడైనా సరే. ఆయన మంచివాడు కావడం వల్లనే ఆయన పేరుకు మచ్చ రాకుండా చూడాలి. మూడు నెలలకోసారి ఒక్క పేజీ అడగండి: ఎంతమంది పిల్లలు, ఎంత అందింది, తిండికి ఎంత, జీతాలకు ఎంత, చదువుకు ఎంత, అప్పు ఎంత. జీతాల కాలమ్ చూసి ముఖం చిట్లించకండి. వార్డెన్‌కూ వంటమ్మకూ సరైన జీతం లేని హోములో మనుషులు ఆరు నెలలకోసారి మారతారు. అలవాటైన మనిషిని మాటిమాటికీ పోగొట్టుకోవడం ఆ పిల్లలకు తిండి తక్కువ కావడం కంటే చిన్న కష్టం కాదు.

పన్ను మినహాయింపు అడిగేవాళ్ళకు చెప్పండి. సంఘం పోగుచేసి పంపితే రసీదు సంఘం పేరున వస్తుంది, విడి మనిషికి రాదు. ఆ మినహాయింపు కావాలంటే ఆయన నేరుగా హోముకు కట్టాలి, 2,000 రూపాయలు దాటితే నగదు పనికిరాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఈ మినహాయింపే లేదు. హోము గుమ్మంలో హుండీ పెట్టి పేర్లు లేకుండా వసూలు చేయడమూ మంచిది కాదు. ధార్మిక సంస్థకు పేరూ చిరునామా లేకుండా వచ్చిన విరాళాలు లక్ష రూపాయలు, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది దాటితే, దాటినదానిమీద 30 శాతం పన్ను పడుతుంది.

డల్లాస్‌లోనో మెల్బోర్న్‌లోనో ఉన్న మన పిల్లలు పంపే డబ్బు దగ్గర మరింత జాగ్రత్త. అక్కడ ఉద్యోగం చేస్తున్నా భారత పౌరసత్వం ఉన్నవాడు తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఫైలులో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడంటే, భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అతను ఇచ్చేది విదేశీ విరాళమే. అక్కడి తెలుగు సంఘం పంపినా అంతే. దాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉన్న సంస్థే, ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు పంచడం కూడా నిషేధం. మా డయాసిస్‌కు (బిషప్పు కింద ఉండే సంఘాల మండలికి) నమోదు ఉంది, దాని ద్వారా పక్క హోముకు ఇప్పిస్తాం అంటే కుదరదు. మీ సంఘం మామూలు ఖాతాలో ఆ డబ్బు వేయించుకుంటే సంఘమే చిక్కుల్లో పడుతుంది.

హోముకు వెళ్ళినప్పుడు ఫొటోలు తీయకండి. సంరక్షణలో ఉన్న బిడ్డను గుర్తుపట్టేలా పేరో ముఖమో బడో బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సంఘం క్యాలెండరు, వాట్సాప్ స్టేటస్, ఆరాధనలో తెర మీద వేసే చిత్రం, ఏవీ మినహాయింపు కాదు. మీ అమ్మానాన్నా ఏమయ్యారమ్మా అని అడగకండి. ఏ బిడ్డనూ ఒంటరిగా గదిలోకి, కారులోకి తీసుకెళ్ళకండి. ఒకే బిడ్డను ఎంచుకుని ఆమెకే బొమ్మలు, బట్టలు పంపితే పక్క మంచం బిడ్డ రాత్రంతా చూస్తూ పడుకుంటుంది. అందరికీ చెందే పద్దులోనే ఇవ్వండి.

చివరిగా, ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. భర్త పోయిన తల్లి, తిండి పెట్టలేక తెచ్చి దింపుతుంది. యాకోబు విధవరాలినీ బిడ్డనూ ఒకే వచనంలో చెప్పాడు, మనం వాళ్ళను విడదీసి బిడ్డకు మాత్రం చందా వేస్తున్నాం. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద హోములో ఉన్న బిడ్డకు గ్రాంటు నెలకు 3,000 రూపాయలు. అదే బిడ్డ తల్లి దగ్గర ఉంటే స్పాన్సర్‌షిప్ అనే సాయం నెలకు 4,000. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఆధార్, భర్త మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, తల్లీబిడ్డల బ్యాంకు ఖాతా. ఈ కాగితాలు కూడగట్టలేకే చాలామంది ఆగిపోతారు. మీ సంఘంలో చదువుకున్న యువకులు ఇద్దరు ఆమెతో మండల ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగితే పని అవుతుంది. మంజూరు వచ్చేదాకా ఆ ఇంటికి బియ్యం, పప్పు సంఘం చూడాలి. హోముకు మాటిచ్చిన 12,000 తగ్గించకుండా, దీనికి వేరే పద్దు తెరవండి.

పద్దెనిమిదేళ్ళు నిండి హోము నుంచి బయటికొచ్చే పిల్లలకు బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ కింద ఇరవై ఒకటి దాకా తోడ్పాటుకు వీలుంది. దాన్ని అడిగి ఇప్పించే పెద్ద ఒకరు ఉండాలి. పాలిటెక్నిక్‌కో నర్సింగుకో చేరే అమ్మాయికి హాస్టల్ అడ్వాన్సు, మొదటి నెల ఖర్చు, సెలవుల్లో వెళ్ళడానికి ఒక ఇల్లు కావాలి. పదోతరగతి నుంచే ఆమె పేరున నెలకు 300 చొప్పున రికరింగ్ డిపాజిట్ కడితే మూడేళ్ళకు వడ్డీ కాకుండా 10,800 చేతిలో ఉంటుంది.

తీర్మానం నమూనా, లెక్కింపు చీటీ, మూడు నెలల పట్టిక బయట బల్ల మీద పెట్టాం. సంఘానికి ఒక్కో కట్ట తీసుకోండి. భోజనాలకు ఇంకా అరగంట ఉంది, ఎఫ్‌సీఆర్‌ఏ ప్రశ్నలు ముందు అడగండి.